వాష్‌బేసిన్ తాగిన మందు

నాకు కెమిస్ట్రీ రాకపోయి ఉంటే నా మొదటి స్కానే సరిగ్గా వచ్చి ఉండేది. ఆ రోజు తిరుపతి స్కానింగ్ సెంటర్లో నా పక్కన కూర్చున్న టమాటా మండీ హమాలీ ఒక్క ప్రశ్న వేయకుండా ఇచ్చిన సీసాలన్నీ తాగాడు. ఎదురు బెంచీ మీది పెద్దావిడ కొంగుతో మూతి తుడుచుకుంటూ, గోవిందా గోవిందా అనుకుంటూ తాగింది. వాళ్లిద్దరూ స్కాన్ ముగించుకుని వెళ్లిపోయారు. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరైన నన్ను మాత్రం డాక్టరమ్మ లోపలికి పిలిపించింది. చదవేస్తే ఉన్న మతి పోయిందనే మాట ఉద్యోగమంతా పిల్లల మీద వాడాను. అది నా కోసమే పుట్టిందని అప్పుడు తెలిసింది.

రోగం సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. కుడివైపు పొత్తికడుపులో నొప్పి, సాయంత్రమయితే ఒళ్లు వెచ్చబడటం, ప్యాంటు నడుము దగ్గర వదులు కావడం. మా రాజంపేటలో వాడిన మందులకు తగ్గలేదు. తిరుపతిలో పొట్ట డాక్టరు చేత్తో నొక్కి చూసి, "చిన్నపేగు చివర్లో ఏదో ఉన్నట్టుంది సార్. టీబీ కావచ్చు, క్రోన్స్ కావచ్చు. సీటీ ఎంటరోగ్రఫీ చేయిద్దాం" అన్నాడు. మన దేశంలో ఈ రెండు జబ్బులూ ఒకేచోట, చిన్నపేగు పెద్దపేగులో కలిసే దగ్గర, ఒకే తీరుగా కనిపించి డాక్టర్లను తికమక పెడతాయి. అందుకే ఆ చోటు స్పష్టంగా కనిపించాలి. ఈ ముక్క ఆయన నాకు విడమరిచే చెప్పాడు. నేను తల ఊపాను. ఊపడం వేరు, వినడం వేరు.

స్కానింగ్ సెంటర్లో ఒక నర్సమ్మాయి మూడు అరలీటరు సీసాలు తెచ్చి నా ముందు పెట్టింది. "పావుగంటకొకటి తాగాల సార్. ఆఖర్న టేబుల్ ఎక్కే ముందు ఇంకో గ్లాసు ఇస్తాం" అంది.

సీసాల్లో ఉన్నది నీళ్లలా తేటగా ఉంది. నాకు చిర్రెత్తింది. కుర్రతనంలో అల్సర్ అనుమానంతో బేరియం తాగినవాణ్ణి నేను. చిక్కగా, తెల్లగా, నోరంతా సుద్ద రుచి. మందంటే అలా ఉండాలి.

"తెల్లది లేదా అమ్మా?"

"తెల్లదేంది సార్?"

"బేరియం."

"ఈ స్కానుకు అది ఇయ్యరు సార్. ఇది మ్యానిటాల్."

ఇక నేను ఆగలేదు. ఆ అమ్మాయి వెనక బల్ల మీద ఖాళీ మ్యానిటాల్ సీసాలు కనిపించాయి. 20 శాతం ద్రావణం, సిరలోకి ఎక్కించేది. మెదడు వాచినప్పుడు ఎక్కిస్తారని మా తమ్ముడికి యాక్సిడెంట్ అయినప్పుడు తెలుసుకున్నాను. నరానికి ఎక్కించే మందును నీళ్లు కలిపి తాగిస్తారా అని గొంతు పెంచాను. "అందరికీ ఇట్లే కలిపి ఇస్తాం సార్, పల్చగా చేసి" అని ఆ అమ్మాయి నిదానంగానే చెప్పింది. నేను వినే స్థితిలో లేను. హాల్లో నలుగురు నా వైపు చూస్తున్నారు. నలుగురు చూస్తే లెక్చరర్‌కు పాఠం గుర్తొస్తుంది.

మొదలుపెట్టాను. 1896లో అమెరికాలో, హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే వైద్య విద్యార్థి ఒక పెద్దబాతుకు బిస్మత్ కలిపిన మేత పెట్టి, అది గొంతు దిగడం ఎక్స్‌రేలో చూశాడు. ఎక్స్‌రేలు కనిపెట్టి అప్పటికి ఏడాది. తర్వాత బిస్మత్ లవణంతో మనుషులకు విషం ఎక్కడం చూసి, 1910లో జర్మనీలో బేరియం సల్ఫేట్ పట్టుకొచ్చారు. బేరియం మామూలుగా విషమే, దాని కార్బొనేట్ ఎలుకల మందు. 2003లో బ్రెజిల్‌లో కార్బొనేట్ కలిసిన సరుకు తాగి మనుషులు చనిపోయారు కూడా. కానీ శుద్ధమైన సల్ఫేట్ నీళ్లలో కరగదు, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనూ కరగదు. సాల్ట్ ఎనాలిసిస్‌లో సల్ఫేట్ పరీక్షకు వచ్చే తెల్లని అవక్షేపం అదే. కరగదు కాబట్టి ఒంటికి పట్టదు, పట్టదు కాబట్టి నిరపాయం. అంతెందుకు, మా కోడూరు దగ్గర మంగంపేటలో గనులు తవ్వి తీస్తున్న ముగ్గురాయి ఏమిటనుకున్నారు? బేరియం సల్ఫేటే. చమురు బావులు తవ్వేచోట బురదను బరువెక్కించడానికి దేశదేశాలకు పోతోంది. ఊరి పక్కన అంత సరుకు పెట్టుకుని నేను ఈ తియ్యనీళ్లు తాగాలా?

హమాలీ తన రెండో సీసా ఖాళీ చేసి, "బాతు బతికిందా సార్?" అని అడిగాడు. పాఠం విన్నది అతనొక్కడే. నేను చెప్పినవన్నీ నిజాలే. ఆ నిజాలు చెబుతున్నంతసేపూ గడియారం తిరుగుతోందన్న నిజం మాత్రం చూసుకోలేదు.

నర్సమ్మాయి వచ్చి, "ఇంగా మొదటిదే అయిపోలేదే సార్" అని గుర్తుచేసింది. మొదటి సీసా గబగబా మింగాను. తీపికి కడుపులో తిప్పింది. అప్పుడు నా బుర్రలో ఒక మహత్తరమైన తర్కం మెరిసింది. సీటీ స్కాన్ కొలమానంలో నీరు సున్నా, గాలి మైనస్ వెయ్యి. పల్చటి మ్యానిటాల్ ద్రావణం కూడా సున్నా దగ్గరే ఉంటుంది. రెండూ యంత్రానికి ఒకేలా కనిపించేటప్పుడు ఈ తీపి ఎందుకు తాగడం? పేగు నిండటమే కదా కావలసింది?

చెయ్యి కడుక్కునే మిషతో లేచాను. రెండో సీసా వాష్‌బేసిన్‌లో వంచేశాను. కూలర్ దగ్గర దాన్నిండా నీళ్లు పట్టుకుని తాగాను. మూడోదీ అంతే. నర్సమ్మాయి ఖాళీ సీసాలు చూసి "బాగ తాగినారు సార్" అని మెచ్చుకుంది. సిగ్గుపడాల్సింది పోయి మీసం దువ్వుకున్నాను.

టేబుల్ ఎక్కించారు. సిరలోకి అయోడిన్ మందు వెళ్లగానే ఒళ్లంతా వేడి పాకింది. ఊపిరి బిగబట్టమన్నారు, వదలమన్నారు. అయిపోయింది. బట్టలు మార్చుకుంటుంటే కబురొచ్చింది, మేడమ్ పిలుస్తున్నారని.

రేడియాలజిస్టు వయసులో మా అమ్మాయి కన్నా చిన్నదే. తెర మీద నా పొట్ట అడ్డకోతలు పైనుంచి కిందికి నడిపిస్తూ చూపించింది. జీర్ణకోశం నీళ్లతో నిండుగా ఉంది. కింద మూత్రాశయం ఇంకా నిండుగా ఉంది. నడుమ ఎక్కడ చూడాలని నన్ను పంపారో, ఆ చిన్నపేగు చివరి భాగం మాత్రం ముడుచుకుపోయి ముద్దగా పడి ఉంది.

"ఎంత తాగినారు సార్?"

"మొత్తం."

"మొత్తం తాగింటే పేగు ఇట్ల ఉండదు సార్. గోడ మందంగా కనిపిస్తాంది. కానీ అది జబ్బు వల్లనా, పేగు ముడుచుకున్నందుకా, నేను చెప్పలేను. నిండిన పేగయితేనే చెప్పగలను."

కాసేపు కిటికీ వైపు చూశాను. తర్వాత వాష్‌బేసిన్ సంగతి చెప్పేశాను. సున్నా తర్కం కూడా చెప్పాను, అదేదో తెలివితేటలన్నట్టు.

ఆమె కోప్పడలేదు. "మీరేం సబ్జెక్టు సార్?" అంది.

"కెమిస్ట్రీ."

"ఆస్మాసిస్ కెమిస్ట్రీలోనే కదా సార్ వచ్చేది?"

ఇంటర్ రెండో సంవత్సరం, ద్రావణాలు, ద్రవాభిసరణ పీడనం. అర్ధపారగమ్య పొర బొమ్మ బోర్డు మీద నేను గీసినన్ని సార్లు జిల్లాలో ఇంకెవరూ గీసి ఉండరు. అదే పొర నా పొట్టలో ఆరు మీటర్ల పొడుగున ఉందని ఒక్కసారి కూడా తట్టలేదు. మనం తాగేదీ, ఒంట్లో ఊరే రసాలూ కలిపి రోజుకు ఎనిమిది తొమ్మిది లీటర్ల ద్రవం పేగులోకి వస్తుంది. అందులో అత్యధిక భాగాన్ని చిన్నపేగే పీల్చేస్తుంది. అలాంటి పేగుకు కూలర్ నీళ్లు ఒక లెక్కా? చివరిదాకా పోకముందే రక్తంలోకి, అక్కణ్ణుంచి మూత్రాశయంలోకి చేరాయి. మ్యానిటాల్ అణువును పేగు గోడ దాదాపుగా పీల్చుకోదు. అది లోపలే ఉండి నీటిని కూడా తనతో లోపలే ఉంచుతుంది. పేగు చివరిదాకా ఉబ్బి, ముడతలు విడి, గోడ మందం కొలవడానికి వీలవుతుంది. యంత్రానికి రెండూ సున్నాయే. పేగుకు మాత్రం రెండూ ఒకటి కాదు. స్కాన్ యంత్రాన్నే తలుచుకున్నాను గానీ, తాగుతున్నది నేనన్న సంగతి మరిచాను.

"మరి బేరియం ఎందుకివ్వరు?" అని అప్పటికీ అడిగాను. పరువు పోయినా సందేహం చావదు.

ఆమె చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతాను. పాతకాలం ఎక్స్‌రేలో పేగు గోడ కనిపించేది కాదు. లోపల తెల్లటి మందు నింపి, ఆ తెలుపు అంచును బట్టి గోడ ఎలా ఉందో ఊహించేవారు. దానికి బేరియాన్ని మించింది లేదు. సీటీలో గోడే కనిపిస్తుంది. సిరలోకి ఎక్కించిన అయోడిన్ పేగు గోడకు చేరి, జబ్బుపడ్డ లోపలి పొరను తెల్లగా వెలిగిస్తుంది. ఆ పొర పక్కనే తెల్లటి బేరియం నింపితే సున్నం కొట్టిన గోడ మీద ముగ్గేసినట్టే, గీత ఎక్కడుందో కనపడదు. లోపల నల్లగా ఉండాలి, గోడ వెలగాలి. అందుకే తేటగా ఉండే మందు.

ఏం తాగించాలన్నది ఏం వెతుకుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుందని ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. పేగులో రక్తం కారుతోందని అనుమానముంటే తెల్లమందు అసలు ఇవ్వరు, కారే రక్తం ఆ తెలుపులో కలిసిపోతుంది. పేగు అడ్డుపడి వాంతులవుతున్న మనిషికి తాగించే పనే లేదు, అప్పటికే పేగులో నిలిచిన నీరే సరిపోతుంది. మింగేటప్పుడు పొలమారే మనిషికి గాఢమైన అయోడిన్ మందు పోస్తే ప్రమాదం, అది ఊపిరితిత్తుల్లోకి జారితే అక్కడికి నీటిని లాగుతుంది. ఎంఆర్ఐలో పిత్తనాళాలు చూడాలనుకున్నప్పుడు కొన్నిచోట్ల అనాసపండు రసం తాగిస్తారు. అందులోని మాంగనీసు వల్ల జీర్ణకోశంలోని నీరు నల్లబడి, వెనకున్న నాళాలు తేటపడతాయి. మాంగనీసు అనగానే నాకు మళ్లీ పాఠం ఎత్తుకోవాలనిపించింది. నోరు మూసుకున్నాను. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క మంచిపని అది.

మూత్రపిండాల పరీక్ష, క్రియాటినిన్, మళ్లీ చూసి, ఇంకో రోజు రమ్మన్నారు. డబ్బు మళ్లీ కట్టాను, రేడియేషన్ మళ్లీ తిన్నాను. మా ఆవిడ, "వాళ్లిచ్చింది తాగడానికి కూడా మీకు డిగ్రీ అడ్డొచ్చిందా?" అంది. ఈసారి బుద్ధిగా చెప్పిన టైముకు చెప్పినంత తాగాను. స్కాన్ దివ్యంగా వచ్చింది. చిన్నపేగు చివర కొంతమేర గోడ నిజంగానే మందమై, దారి సన్నబడి ఉంది.

బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? స్కాన్ కాగానే నర్సమ్మాయి, "గంటసేపు ఈడనే ఉండండి సార్, బాత్రూము దగ్గర్లో" అంది. నేను బయటికొచ్చి కడప బస్సెక్కాను. పేగులో నీటిని నిలబెట్టే అణువు ఆ నీటిని ఎక్కడో ఒకచోట బయటికి పంపాలి కదా. మామండూరు దాకా ఓర్చుకున్నాను. బాలపల్లె అడవి దగ్గర లేచి డ్రైవర్ పక్కకు వెళ్లి నిలబడ్డాను. నా ముఖం చూసి అతను ఏమీ అడగకుండా బండి పక్కకు తీశాడు. బస్సంతా కిటికీల్లోంచి చూస్తుండగా రిటైర్డ్ లెక్చరర్ పంచె పైకెత్తి ఎర్రచందనం చెట్ల మధ్యకు పరుగు తీశాడు. తిరిగొచ్చాక ఎవరో నిమ్మకాయ చేతిలో పెట్టారు. ద్రవాభిసరణం ఆ రోజు నాకు పూర్తిగా అర్థమైంది.

మూర్ఖుడికి ఒక దురభిమానం పోతే దాని చోట ఇంకొకటి కూర్చుంటుంది. బేరియం భక్తి పోయి నాకు మ్యానిటాల్ భక్తి పట్టుకుంది. ముక్క తీసి పరీక్ష చేయడానికి కొలనోస్కోపీ చెయ్యాలన్నారు. ముందురోజు పేగు కడగడానికి పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి ఇచ్చారు. "మ్యానిటాల్ ఇవ్వండి, నాకు బాగా పడింది" అన్నాను. డాక్టరు నవ్వి, మ్యానిటాల్‌ను పెద్దపేగులోని బాక్టీరియా పులియబెడితే హైడ్రోజన్ పుడుతుందని, కరెంటుతో కండ కోసేటప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుందని చెప్పాడు. అలా పేలి రోగి చనిపోయిన సంఘటన 1979లో వైద్య పత్రికకు ఎక్కిందట. హైడ్రోజన్ సీసా దగ్గర అగ్గిపుల్ల పెడితే టప్‌మని మండుతుందని పిల్లలకు చేసి చూపించినవాణ్ణి నేనే. ఇచ్చిన పొడి నోరెత్తకుండా తాగాను. ముక్క పరీక్షలో టీబీ అని తేలింది. ఆరు నెలల మందులు వాడాను, తగ్గింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. నెల్లూరులో మా బావమరిదికి పెద్దపేగు ఆపరేషన్ అయింది. కొన్నాళ్లకు జ్వరం వచ్చింది, పొట్ట ఉబ్బింది. అయోడిన్ మందు తాగించి సీటీ తీస్తామన్నారని వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. తగుదునమ్మా అని నేను అందుకున్నాను. "తెల్లమందు వద్దని చెప్పమ్మా. గోడ కనపడదు. పైగా మీ నాన్నకు రొయ్యలు తింటే దురద, అయోడిన్ పడదు. మ్యానిటాల్ అడుగు."

"మామయ్యా, డాక్టర్ గారు ఇక్కడే ఉన్నారు, మీరే చెప్పండి" అని ఫోన్ స్పీకర్లో పెట్టింది.

ఆ సర్జన్ పద్ధతైన మనిషి. "మేం గోడ చూడటం లేదండీ. కుట్టిన చోట లీకుందేమో చూస్తున్నాం. బయటికి కారింది తెల్లగా వెలిగితేనే తెలుస్తుంది. మీరు చెప్పే నీళ్లు బయటికొచ్చినా పొట్టలో చేరిన నీళ్లలో కలిసిపోతాయి" అన్నాడు. రొయ్యల మాటకూ జవాబు చెప్పాడు. దురద తెచ్చేది రొయ్యల్లోని ప్రోటీనట, అయోడిన్‌కు దానితో సంబంధం లేదు. ఇంతకుముందు స్కాన్ మందు పడలేదా అన్నదే వాళ్లు అడిగే ప్రశ్న.

"తెల్లదే కావాలంటే బేరియం ఇవ్వొచ్చుగా?" నా పాత ప్రేమ పూర్తిగా చావలేదు.

"లీకయి పొట్ట కుహరంలో పడితే అది కరగదండీ. అక్కడే ఉండిపోయి వాపు తెస్తుంది, పేగులు అతుక్కుంటాయి. నీళ్లలో కరిగే అయోడిన్ అయితే ఒళ్లే పీల్చేసి బయటికి పంపేస్తుంది."

కరగదు కాబట్టి నిరపాయం అని తిరుపతి హాల్లో నేను వాదించిన గుణమే ఇక్కడ అపాయం. సరిగ్గా ఆ గుణం వల్లే. ఫోన్ పెట్టేసి చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాను. నా స్కాన్‌లో నేను చేసింది నాకే నష్టం. అవతల నా మాట విని ఆ అమ్మాయి పట్టుబట్టి ఉంటే, పాపం వాళ్ల నాన్నకు జరగాల్సిన పరీక్ష జరిగేది కాదు. లీకు దొరికింది, సమయానికి మళ్లీ ఆపరేషన్ చేశారు, మనిషి కోలుకున్నాడు. నా సలహా అందులో ఎక్కడా పనికిరాలేదు, అదే అదృష్టం.

పదార్థాల గుణాలు నాకు కంఠోపాఠం. ఏది కరుగుతుంది, ఏది కరగదు, దేని అణుభారం ఎంత అని నిద్రలో అడిగినా చెబుతాను. కానీ మందు మంచిదా చెడ్డదా అని తూచేటప్పుడు, దేన్ని చూడటానికి అని ఒక్కసారీ అడగలేదు. పరీక్ష పేపర్లో ప్రశ్న చదవకుండా తెలిసిన జవాబంతా రాసి వచ్చే పిల్లలకు నేను సున్నా వేసేవాణ్ణి. న్యాయంగా నాకూ అంతే పడింది.

మీకో మీవాళ్లకో ఇలాంటి స్కాన్ రాస్తే, ఏం తాగాలన్నది వాళ్లకు వదిలేయండి. మీరు చెప్పాల్సినవి మాత్రం దాచకుండా చెప్పండి: పొట్ట మీద పాత ఆపరేషన్లు, వాంతులు, మింగేటప్పుడు పొలమారడం, మూత్రపిండాల జబ్బు, ఇంతకుముందు ఏదైనా స్కాన్ మందుకు దద్దుర్లో ఆయాసమో రావడం. సందేహముంటే తాగక ముందే అడగండి. తాగలేకపోతే తాగలేదని చెప్పండి, టైము మారుస్తారు, వేరే దారి చూస్తారు. అంతేగానీ వాష్‌బేసిన్‌లో పోసి తాగామని మాత్రం చెప్పకండి. స్కాన్ అయ్యాక ఓ గంట బాత్రూము దగ్గర్లోనే ఉండండి. బస్సెక్కకండి.